ఓటు బ్యాంకు

ఒక కులం, మతం లేదా భాషవారు మూకుమ్మడిగా ఒకే పార్టీకి ఓటేస్తారనుకుంటే, వారిని ఆ పార్టీ ‘ఓటు బ్యాంకు’ అంటారు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1955లో మైసూరు ప్రాంతపు పల్లె గురించి రాసిన వ్యాసంలో ఈ మాట వాడారు. అప్పట్లో అర్థం వేరు: తన మీద ఆధారపడిన రైతులు, కూలీల ఓట్లను ఊరిపెద్ద గుత్తగా అభ్యర్థికి వేయించడం. తర్వాత అది కులాలకు, మతాలకు, భాషలకు పాకింది.

తమిళనాడులో తెలుగువారు ఎక్కువగా ఉన్న హోసూరును చూడండి. 2001, 2006, 2011లలో కాంగ్రెస్ అభ్యర్థి కె. గోపీనాథ్‌ను శాసనసభకు పంపింది. 2016లో అన్నాడీఎంకేను, 2019 ఉప ఎన్నికలోనూ 2021లోనూ డీఎంకేను గెలిపించింది. 2024లో కృష్ణగిరి ఎంపీగా గెలిచిన గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. భాష మీద అభిమానం నిలిచే ఉంది, గెలిచే పార్టీ మాత్రం మారుతూ వచ్చింది.

ఓటరు ఎవరి ఖాతాలోనూ జమ కాడు. తెలుగువారి ఓట్లు కావాలనుకునే పార్టీలు ముందు వారి బడి, భాష, ఉపాధి గురించి మాట్లాడాలి.