సేవ చేయనొల్లని సేవకులు

'సర్వీసు' అన్న ఇంగ్లీషు మాటను మనవారు రెండు సందర్భాలలో ధారాళంగా వాడతారు. హోటలుకు వెళ్ళివచ్చినవారు వంట బాగున్నది గాని సర్వీసు బాగులేదంటారు. ప్రభుత్వోద్యోగి తనకింకా ఆరేళ్ళ సర్వీసున్నదంటాడు. అన్నం వడ్డించేవానికీ, ఫైలు మీద సంతకం చేసేవానికీ గల ఈ చుట్టరికం మాటకే పరిమితమని అనుకుంటాం. కాని బ్రిటిష్ టెలివిజన్‌లో విశేష ప్రజాదరణ పొందిన రెండు హాస్య ధారావాహికలను పక్కపక్కన పెట్టి చూస్తే, అది రక్తసంబంధమని తెలుస్తుంది.

మొదటిది 'ఫాల్టీ టవర్స్'. బి.బి.సి. దీనిని 1975లో ఆరు భాగాలు, 1979లో ఆరు భాగాలు ప్రసారం చేసింది. మొత్తం పన్నెండే. రచయితలు జాన్ క్లీజ్, కోనీ బూత్. మొదటి ఆరు భాగాలనాటికి వారు భార్యాభర్తలు. తక్కిన ఆరూ ప్రేక్షకుల ముందుకు వచ్చేనాటికి విడాకులు పొందినవారు. కథకు బీజం 1970లో పడింది. 'మాంటీ పైథాన్' హాస్య బృందం చిత్రీకరణ నిమిత్తం టోర్కీ అనే సముద్రతీరపు ఊరిలో ఒక హోటలులో దిగింది. ఆ బృందంలోని అమెరికన్ సభ్యుడు కత్తీ ఫోర్కూ పట్టుకున్న తీరు మర్యాదగా లేదని యజమాని ముఖం మీదనే తప్పుపట్టాడని క్లీజ్ చెబుతాడు. తన భర్తను లోకం అపార్థం చేసుకున్నదని ఆ యజమాని భార్య తరువాతి కాలంలో వాపోయింది.

కల్పిత పాత్ర బేసిల్ ఫాల్టీకి అన్నిటికన్నా ఇష్టమైనది హోదా, అన్నిటికన్నా కష్టమైనది అతిథి సేవ. మొదటి భాగంలోనే ఒక లార్డు దిగాడని తెలియగానే, కిటికీ పక్క బల్ల వద్ద కూర్చున్న కుటుంబాన్ని లేపి ఆ చోటు ఆయనకు కట్టబెడతాడు. ఆ లార్డు నిజానికి మోసగాడు. యాస విని బేసిల్ ఈసడించుకున్న లండన్ యువకుడు మారువేషంలో ఉన్న పోలీసు అధికారి. ఈ భాగంలో చూపు జారిపోయే చిన్న విషయం ఒకటున్నది: ఇంగ్లీషు సరిగా రాక అనుక్షణం చీవాట్లు తినే స్పానిష్ సర్వరు మాన్యుయెల్‌తో, అతని భాషలోనే చక్కగా మాట్లాడేవాడు ఆ యువకుడే. మాన్యుయెల్‌గా నటించిన ఆండ్రూ సాక్స్ 1930లో బెర్లిన్‌లో పుట్టి, 1938లో నాజీల బారినుండి తప్పించుకుని కుటుంబంతో ఇంగ్లాండు చేరినవాడు. పరాయి భాష నోట తడబడటమంటే ఏమిటో ఆయనకు వేరొకరు నేర్పవలసిన పని లేదు.

బేసిల్ ఒక రాత్రి ఉన్నతస్థాయి విందు ఏర్పాటు చేస్తాడు. అలగా జనం రానవసరం లేదని ప్రకటనలో వేయిస్తాడు. వచ్చినవారు నలుగురు. వంటవాడు తప్పతాగి పడిపోతాడు. వేరొక భోజనశాలలో వండించిన బాతును తెచ్చేందుకు బేసిల్ కారులో పరుగెడతాడు. దారిలో కారు మొరాయిస్తే చెట్టుకొమ్మ విరిచి దానిని చితకబాదుతాడు. ఎట్టకేలకు వెండి మూత ఎత్తేసరికి పళ్ళెంలో బాతుకు బదులు పండ్లూ క్రీమూ నింపిన తీపి వంటకం ఉంటుంది. దానిలో చేతులు ముంచి బాతు కోసం వెదుకుతాడు. ప్రేక్షకుడు పడిపడి నవ్వుతాడు. అయితే ఆ నలుగురూ అంతసేపు ఆకలితో కూర్చున్న సంగతి బేసిల్‌కు ఏ క్షణానా ముఖ్యం కాదు. అతని ఆరాటమంతా విందు జరిగిందనిపించుకోవడానికే.

ఇంతకన్నా తీవ్రమైనది 1979 మార్చి 12న ప్రసారమైన భాగం. బేసిల్ ఒక అతిథికి పడకమీదికే ఫలహారం తీసుకువెళతాడు. కార్ల కార్మికులు మళ్ళీ సమ్మె కట్టారన్న పత్రికా వార్త చూసి, పనిచేయని జనంపై చిరచిరలాడుతూ పళ్ళెం అందిస్తాడు. మంచం మీది మనిషి రాత్రే చనిపోయాడని గ్రహించడు. దేశ రాజకీయాలపై అంత ఖచ్చితమైన అభిప్రాయమున్న మనిషికి ఎదుటి ముఖం కనిపించదు. అది బ్రిటన్‌లో సమ్మెల చలికాలం. ఆ సమ్మెల వేడి ఈ ధారావాహికకూ తగిలింది. అయిదవ భాగం మార్చి 26న వచ్చింది. మార్చి 28న కలహన్ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పార్లమెంటు విశ్వాసం కోల్పోయింది. మేలో థాచర్ ప్రధాని అయింది. బి.బి.సి.లో సమ్మె కారణంగా ఆగిపోయిన చివరి భాగాన్ని ప్రేక్షకులు అక్టోబరు 25న గాని చూడలేకపోయారు.

ఆ తరువాతి సంవత్సరం ఫిబ్రవరిలో రెండవ ధారావాహిక 'యెస్ మినిస్టర్' ఆరంభమైంది. రచయితలు ఆంటొనీ జే, జొనాథన్ లిన్. జే, క్లీజ్ పరస్పరం అపరిచితులు కారు. 1972లో స్థాపితమైన 'వీడియో ఆర్ట్స్' సంస్థలో ఇద్దరూ భాగస్వాములు. కొనడానికి వచ్చినవారితో ఎలా మెలగాలో ఉద్యోగులకు నేర్పే శిక్షణ చిత్రాలు నిర్మించడం దాని వ్యాపారం. ఎలా మెలగరాదో నటించి చూపడం తరచు క్లీజ్ వంతు. ఒకే దుకాణంలో కూర్చున్న ఇద్దరిలో ఒకడు హోటలు వైపు, మరొకడు సచివాలయం వైపు చూశాడన్నమాట.

సచివాలయంలో సేవకుని పేరు సర్ హంఫ్రీ యాపిల్‌బీ. బేసిల్ అరుస్తాడు, ఆయన స్వరం పెంచడు. బేసిల్ అతిథిని అవమానిస్తాడు, ఆయన మంత్రి ఏమన్నా చిత్తమంటాడు. అన్నది మాత్రం జరగనీయడు. మధ్యాహ్నం తన క్లబ్బులో తోటి పెద్దలతో భోజనం చేస్తూ దేశానికి సంబంధించిన నిర్ణయాలు తీర్చిదిద్దుకుంటాడు. అక్కడ ఆయనకు అందే వడ్డన నిర్దుష్టం. ఈ ఇద్దరు సేవకులలో ఎవరివల్ల ఎక్కువ ప్రమాదమంటే, మర్యాద తెలిసినవానివల్లనే అనక తప్పదు. బేసిల్ మీద ఫిర్యాదు చేయవచ్చు. హంఫ్రీ మీద ఫిర్యాదు చేయడానికి ఆధారమే దొరకదు.

1981లో వచ్చిన ఒక భాగంలో మంత్రి హ్యాకర్‌కు ఒక కొత్త ఆసుపత్రి సంగతి తెలుస్తుంది. అక్కడ పాలనా సిబ్బంది, ఇతర ఉద్యోగులు కలిసి 500 మంది. రోగులు లేరు, ఒక్కరు కూడా. సిబ్బంది తీరిక లేకుండా పనిచేస్తుంటారు, భవనం తళతళలాడుతుంటుంది, అధికారుల దృష్టిలో అది ఆదర్శ సంస్థ. అతిథులు లేకుంటే హోటలు చక్కగా నడిచేదని బేసిల్ లోలోపల కన్న కల, సర్ హంఫ్రీ ఏలుబడిలో ప్రజల సొమ్ముతో నిజమైంది.

ఈ హాస్యం పాలకులకు ఎందుకు రుచించిందో ఆలోచించదగినది. 1984 జనవరిలో ఒక బహుమతి సభలో థాచర్ స్వయంగా 'యెస్ మినిస్టర్' నటులతో కలిసి చిన్న ప్రహసనం ప్రదర్శించింది. ఆ ఇద్దరు నటులూ అయిష్టంగానే ఒప్పుకున్నారు. తప్పంతా అధికారులదేనని చెప్పే నాటకం ఏ ప్రధానికి చేదవుతుంది? జే ప్రభుత్వ పరిధి కుదించాలన్న పక్షంవాడు. క్లీజ్ ఆయన బాటన నడవక, 1987లో మధ్యేమార్గ కూటమి తరఫున దామాషా ఎన్నికల విధానం కోరుతూ ప్రచార చిత్రంలో కనిపించాడు.

అయితే అందరినీ తప్పుపట్టిన ఈ రెండింటిలో వడ్డించుకునేవాని తప్పు ఎత్తి చూపినది 'ఫాల్టీ టవర్స్' ఒక్కటే. 1979లోని ఒక భాగంలో భోజనం చేస్తున్న ఆంగ్లేయులు తమలో తాము సణుగుతుంటారు. అంతా బాగున్నదా అని బేసిల్ అడగగానే, బ్రహ్మాండమంటారు. రాత్రి పొద్దుపోయి వచ్చిన ఒక అమెరికన్, వంటగది మూసే వేళ దాటాక వాల్‌డార్ఫ్ సలాడ్ కావాలంటాడు. ఆపిల్, సెలరీ, మయొనైజ్‌లతో ఆ వంటకాన్ని న్యూయార్కులోని వాల్‌డార్ఫ్ హోటలులో 1890ల నాడు కల్పించినవాడుగా పేరు పొందిన ఆస్కార్ చిర్కీ వంటవాడు కాడు, భోజనశాల పర్యవేక్షకుడు! వాల్‌నట్లు తరువాత చేరినవి. వంటవానిని ఆపేందుకు అమెరికన్ 20 పౌండ్లిస్తే బేసిల్ జేబులో వేసుకుని, వంటవానిని పంపివేస్తాడు. గుట్టు బయటపడి అమెరికన్ గర్జించిన తరువాత, అంతవరకు బ్రహ్మాండమన్నవారు ఒక్కొక్కరే లేచి తమకూ తృప్తి లేదంటారు. బేసిల్ అందరినీ తిట్టి, వారిని వెళ్ళిపొమ్మంటాడు. కుదరకపోయేసరికి తానే వానలోకి నడుస్తాడు. మరుక్షణం తడిసి తిరిగివచ్చి, అతిథిగా గది అడుగుతాడు. ఫలహారం పడకమీదికే కావాలంటాడు.

ఈ పాత్రలు దేశాలు దాటినప్పుడు ఒక విచిత్రం జరిగింది. స్పెయిన్‌లో మాన్యుయెల్‌ను స్పెయినువాడుగా ఉంచలేక, డబ్బింగులో ఇటలీవానిని చేశారు. సర్ హంఫ్రీకి అటువంటి ఇబ్బంది రాలేదు. 2001లో స్టార్ ప్లస్ 'జీ మంత్రీజీ' పేరుతో హిందీలో ఆ ధారావాహికను పునర్నిర్మించింది. ఫారూఖ్ షేఖ్ మంత్రి. హంఫ్రీ రాజ్‌నాథ్ మాథుర్ అయ్యాడు. పేరు తప్ప ఆయనలో మార్చవలసినదేదీ అంతగా లేకపోయింది.