కంపవాతము



మా అన్నగారు నాకు నెలకొక కార్డు వ్రాయుచుండెడివారు. వారి దస్తూరి ముత్యాలకోవ. ఒక యేడు ఆ అక్షరములు క్రమముగా చిన్నవగుట గమనించితిని. పంక్తి మొదట శనగగింజంత యున్న అక్షరము తుదకు నువ్వుగింజ యయ్యెడిది. స్థలము కలిసివచ్చుటకై యట్లు వ్రాయుచున్నారని తలచి, "అన్నయ్యా, మీకింత పొదుపేల?" అని పరిహాసముగా జవాబు వ్రాసితిని. ముప్పదియేండ్లు పిల్లల చేవ్రాతను దిద్దిన నాకు అది వ్యాధిచిహ్నమని తోచలేదు. రెండేండ్లకు వైద్యుడు చెప్పగా తెలిసినది.

ఈ వ్యాధిని 1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సను ఒక చిన్న గ్రంథమున వర్ణించెను. ఆయన వర్ణించిన రోగులు ఆరుగురే. అందు కొందరు వీథిలో కంటబడినవారు. పిదప ఫ్రెంచి వైద్యుడు షార్కో దీనికి పార్కిన్సను పేరే స్థిరపరచెను. మన ఆయుర్వేదము వాతరోగములలో వేపథువును పేర్కొన్నది. కాని వణుకెల్ల ఈ వ్యాధియే యనుట పొరపాటు.

మెదడు లోపల నల్లని వన్నె గల చిన్న భాగమొకటి కలదు. అందలి కణములు డోపమిను అను ద్రవ్యమును పుట్టించి అవయవముల కదలికను సాఫీగా నడుపును. ఆ కణములు నశించినకొలది కదలిక మందగించును, కండరములు బిగియును. చేయి ఒడిలో ఊరకున్నపుడు వణకును. పనికి పూనుకొనగా వణుకు తగ్గును. అసలు వణుకే లేని రోగులును కలరు. ముఖకండరములు సయితము మందగించుటచే సంతోషమైనను దుఃఖమైనను ముఖము ఒక్కతీరుగ నుండును. "ఈయన నాతో ముభావముగా నుందురు, ఏమి తప్పు చేసితినో" అని మా వదినగారు కంటతడి పెట్టుట నేనెరుగుదును. అది మనస్సులోని మార్పు కాదని ఆమెకు ముందే చెప్పువారు లేకపోయిరి.

ఇక చికిత్స. డోపమినునే యిచ్చినచో అది రక్తమునుండి మెదడులోనికి చొరజాలదు. దాని పూర్వరూపమగు లెవొడోపా, మారువేషమున కోటలోనికి పోయి నిజరూపము దాల్చు వేగులవానివలె, మెదడున చేరి డోపమినుగా మారును. 1961లో వియన్నాలో దీనిని సూదిమందుగా నిచ్చి చూచిరి. 1967లో అమెరికాలో కోట్జియాసు నోటిద్వారా కొంచెము కొంచెముగా పెంచి యిచ్చి గుణము చూపెను. అది దారిలోనే మారిపోకుండ కార్బిడోపా అను మరియొక మందును జతచేయుదురు. అందువలన వాంతులును తగ్గును.

ఒంటికి తగిలిన దురదపుట్టించు మన దూలగొండి గింజలలో ఈ లెవొడోపాయే కలదని 1937లో మదరాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఈ మాట విని ఉబ్బితబ్బిబ్బై ఇంట గింజలు దంచుకొనకుడు! గింజగింజకు పాలు మారును. మాత్రలతో కలసినచో మోతాదు మించి ఒడలు అదుపుతప్పి మెలికలు తిరుగుట, లేనివి కానవచ్చుట సంభవింపవచ్చును.

మాత్రను గడియారము చూచి వేసికొనవలెను. ఏండ్లు గడచినకొలది ఒక్కొక్క మాత్ర బలము త్వరగా తగ్గును గనుక అరగంట ఆలస్యమైనను కొందరు కుర్చీనుండి లేవజాలరు. పాలు, పప్పు, మాంసములతో కలసిన మందు కొందరికి సరిగా అందదు. వైద్యుని యడిగి భోజనమునకు ముందే వేసికొనుట మేలు. ఎన్నడును హఠాత్తుగా మానరాదు. తీవ్రజ్వరముతో, బిగుపుతో ప్రాణాపాయము కలుగవచ్చును. వేరొక జబ్బుకై ఆసుపత్రిలో చేరినను ఈ వేళలను అచటివారికి ముందుగా తెలుపవలెను.

మందు చాలక, లేదా మందువలననే చిక్కులు వచ్చినపుడు కొందరికి మెదడులో సన్నని తీగనుంచి విద్యుత్తు పంపుదురు. ఈ పద్ధతికి 1987లో గ్రెనోబులున బెనబీదు దారితీసెను. వీనిలో ఏదియు వ్యాధిని మాన్పదు. మాన్పకున్నను పెక్కేండ్లు పనిపాటలు సాగనిచ్చును.

అన్నగారికి గడప యొద్ద పాదములు నేలకు అతుక్కొనినట్లగును. మేము తొందరపడి చేయిపట్టి లాగెడివారము. అందుచే పడిపోవు ప్రమాదమే హెచ్చు. ఇప్పుడు వదినగారు వసారాలో అడుగున కొకటిగా ముగ్గుతో అడ్డగీతలు గీయుచున్నారు. వారు ఒక్కొక్క గీతను దాటుచు, ఎవరి చేయూతయు లేక, వీథిగుమ్మము వరకు వచ్చుచున్నారు.