మూసీ అడుగు మట్టిని అడగండి

మూసీ కాలుష్యం గురించి మాట వస్తే మన చేతికొచ్చేవి నీటి లెక్కలే: బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) ఎంత, కరిగిన ఆక్సిజన్ ఎంత, కోలిఫాం ఎంత. అవి కావలసినవే, కాదనను. కానీ అర్ధరాత్రి నాలాలోకి వదిలిన రసాయనం తెల్లారేసరికి దిగువకు పోతుంది. పొద్దున పట్టిన సీసాలో దాని జాడ ఉండదు. అది దొరికేది అడుగు మట్టిలో. సీసం, క్రోమియం, కాడ్మియం సన్నటి బంకమన్ను రేణువులను పట్టుకుని కిందికి దిగి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి.

1908 వరదల తర్వాత ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఎగువ నీరు వాటిలోనే ఆగిపోవడంతో, వానలు లేని నెలల్లో హైదరాబాద్ నగరంలో పారేది దాదాపు మురుగే. దిగువన రైతుల కత్వల (చిన్న అడ్డుకట్టల) వెనక ఆ నీరు నెమ్మదిస్తుంది, మడ్డి పేరుకుంటుంది. ఆ నీటితోనే వరి పండుతుంది, గేదెలకు గడ్డి పెరుగుతుంది. ఆ పాలు తాగేది మనమే.

లోహాలతోనే అయిపోలేదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం వెల్లడించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అక్కడి వాగుల అడుగు మట్టిలో, యాంటీబయాటిక్స్‌కు బ్యాక్టీరియా లొంగకుండా చేసే జన్యువులు పెద్ద ఎత్తున ఉన్నాయని 2011 నాటి పరిశోధన చూపింది. పటాన్‌చెరు శుద్ధి నీటిని 18 కిలోమీటర్ల గొట్టంలో అంబర్‌పేట వైపు, అంటే మూసీ వైపు మళ్లించారు. ఇంత తెలిసీ, మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్స్‌కు కేంద్రం 2020 ముసాయిదాలో ప్రతిపాదించిన పరిమితులను 2021 తుది నిబంధనల్లో తీసేశారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మట్టి నమూనా తీయడం ఓపిక పని. తాడుకు కట్టిన ఇనుప దవడలను నీళ్లలోకి వదులుతారు. అడుగు తగలగానే అవి మూసుకుని బురదను పట్టుకుంటాయి. పైకి వచ్చేది నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో ఉంటుంది. లోహాలు చూడాలంటే దవడలకు తగలని మధ్య మట్టిని ప్లాస్టిక్ చెంచాతో తీయాలి, లేకపోతే ఇనుము అంటుకుని లెక్క తప్పుతుంది. మందుల అవశేషాలు చూడాలంటే స్టీలు చెంచా, గాజు సీసా. పాత సంగతులు కావాలంటే పొరలు చెదరకుండా గొట్టం దించి తీయాలి. కింది పొర పాతది, పై పొర కొత్తది.

ఆ బురద నలుపు సల్ఫైడ్లది. గాలి తగలనంత కాలం అవి లోహాలను బిగించి ఉంచుతాయి. పొక్లెయిన్‌తో తోడి గట్టున పోస్తే ఆ పట్టు సడలుతుంది, వానతో లోహాలు మళ్లీ బయలుదేరతాయి. పూడికతీత టెండరు పిలవకముందే ఏ కత్వ వెనక, ఎంత లోతులో ఏముందో కొలవాలి. ఆ ఫలితాలను దిగువ ఊళ్ల పంచాయతీ ఆఫీసుల్లో తెలుగులో అతికించాలి. తోడిన బురదను ఏ పొలం పక్కన పోస్తారో ఆ రైతుకు ముందే చెప్పాలి.