ఇసుకను మింగే పంపు

ఎండలు ముదిరాయంటే మెదక్‌లో బోరు మోటార్లు బాగుచేసే షాపుల ముందు పంపులు వరుసగా పడి ఉంటాయి. విప్పి చూస్తే నీళ్లను పైకి నెట్టే ఇంపెల్లర్ రెక్కలు కాగితంలా పలచబడి కనిపిస్తాయి. నీళ్లలో కాస్త ఇసుక కలిస్తేనే ఈ గతి. మరి ఇసుకా రాతిపొడీ మోయడానికే పుట్టిన గని పంపు ఎలా బతుకుతుంది?

మన సింగరేణిలో తవ్వకం 1889లో ఇల్లెందు దగ్గర మొదలైంది. భూగర్భ గనుల్లో బొగ్గు తీసేసిన ఖాళీని, పైకప్పు కూలకుండా, నీళ్లతో పారించిన ఇసుకతో నింపే పద్ధతి ఉంది. ఇసుక అక్కడే ఆగుతుంది. కారిన నీళ్లు మాత్రం సన్నని ఇసుకనూ బొగ్గు నుసినీ వెంటేసుకుని సంపులో చేరతాయి. వాటిని తోడి పోయాల్సింది పంపే.

మామూలు పోత ఇనుము ఈ పనికి చాలదు. అందులో కార్బన్ మెత్తని గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. విక్కర్స్ కొలతలో దాని గట్టిదనం 200 ప్రాంతంలో ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 1,000 పైమాటే. గ్రాఫైట్‌గా విడిపోనివ్వకుండా కార్బన్‌ను ఇనుముతోనే కట్టిపడేస్తే తెల్ల పోత ఇనుము వస్తుంది. అది గట్టిదే, కానీ రాయి తగిలితే పెంకులా పగులుతుంది. 4 శాతం నికెల్, 2 శాతం క్రోమియం కలిపిన నైహార్డ్ కొంత మేలు. అసలు మలుపు క్రోమియం 27 శాతం దాకా పెంచినప్పుడు వచ్చింది. క్రోమియం, కార్బన్ కలిసి ఏర్పడే కార్బైడ్ల గట్టిదనం 1,500 వరకూ ఉంటుంది. పైగా అవి వలలా అల్లుకోకుండా విడివిడి కడ్డీలుగా ఏర్పడతాయి కనుక పగులు ఒకదాన్నుంచి మరోదానికి సులువుగా పాకదు.

కంకర రోడ్డు గుర్తు తెచ్చుకోండి. రాయి ఎంత గట్టిదైనా, దాన్ని పట్టుకున్న మట్టి కొట్టుకుపోతే రోడ్డు లేచిపోతుంది. ఇక్కడా అంతే. అందుకే పోత పోసిన ముక్కను దాదాపు 1,000 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చి, గాలికి చల్లార్చి, కార్బైడ్ల చుట్టూ ఉన్న ఇనుమునూ గట్టిపరుస్తారు. కార్బైడ్ల సంగతి మనకు మరీ కొత్తేమీ కాదు. మెదక్‌కు ఉత్తరాన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కు కత్తుల మీది అలల గీతలు కార్బైడ్ల బారులే.

లోహం ఒక్కటే కాదు, పంపు ఆకారమూ మారాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా బంగారు గనుల ఊరు కాల్గూర్లీలో 1938లో చార్లెస్ వార్మన్ అనే ఇంజనీరు బురద మోసే పంపు తయారుచేశాడు. ఇలాంటి పంపుల్లో ఇంపెల్లర్ పెద్దది, రెక్కలు మందం, తిరగడం నెమ్మది. అరిగిన లోపలి తొడుగును మాత్రమే మార్చుకోవచ్చు. నెమ్మది ఎందుకంటే, వేగం రెట్టింపైతే అరుగుదల ఆరు, ఎనిమిది రెట్లకు ఎగబాకుతుంది. నా దృష్టిలో మిశ్రలోహం కన్నా పెద్ద తెలివి ఇదే.

బోరు పంపుకు ఆ వెసులుబాటు లేదు. ఇరుకు గొట్టంలో నిమిషానికి దాదాపు 2,850 సార్లు తిరగాలి. కాబట్టి ఇసుక పోస్తున్న బోరులోకి ఇంకా పెద్ద మోటారు దించకండి. నీటితో పాటు ఇసుకనూ ఇంకా గట్టిగా లాగుతుంది.