ఇంటిలో ఆహార పదార్థాల నిల్వ

బియ్యము, పప్పులు, ఉప్పు, కారము, చింతపండు, నూనె, పచ్చళ్ళు మొదలైనవి చెడిపోకుండా, పురుగు పట్టకుండా ఇంటిలో భద్రపరచుకొనే విధానాన్ని ఆహార నిల్వ అంటారు. తేమ, వేడి, వెలుతురు, గాలి, క్రిమికీటకాలు - ఈ ఐదూ ఆహారం చెడిపోవడానికి ముఖ్య కారణాలు. ఏ పదార్థాన్ని వీటిలో ఏది చెడగొడుతుందో తెలుసుకొని, దానిని దూరంగా ఉంచడమే నిల్వలోని మూలసూత్రము. హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల వాతావరణాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ విషయం ఇక్కడ వివరించబడింది.

ప్రాంతము, వాతావరణము

మేడ్చల్, శామీర్‌పేటలు మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోని మండల కేంద్రాలు. 2016 అక్టోబరు 11న ఈ జిల్లా ఏర్పడక మునుపు ఇవి రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. దక్కను పీఠభూమిపై ఉండటం వలన ఇక్కడ మార్చి నుండి మే వరకు పొడి ఎండలు కాస్తాయి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వలన గాలిలో తేమ బాగా పెరుగుతుంది. అందువలన ఎండబెట్టే పనులన్నీ వేసవిలోనే ముగించి, వానలు మొదలయ్యేలోగా డబ్బాలకు మూతలు బిగించడం మంచిది.

పూర్వపు పద్ధతులు

తెలంగాణ పల్లెలలో ధాన్యాన్ని గుమ్ములలోను, పాతరలలోను నిల్వ చేసేవారు. గుమ్మి అనగా వెదురుతో అల్లి, మట్టి, పేడ కలిపి అలికిన పెద్ద గాదె. పాతర అనగా నేలలో త్రవ్విన గొయ్యి. పాలు, పెరుగు కుండలను పిల్లులకు, చీమలకు అందకుండా ఉట్టిపై ఉంచేవారు. పచ్చళ్ళకు పింగాణి జాడీలు వాడేవారు. ఈ జాడీల వాడకం నేటికీ కొనసాగుతున్నది.

బియ్యము, పప్పులు

బియ్యంలో ముక్కు పురుగు, పిండిలో ఎర్ర పురుగు సాధారణంగా కనిపిస్తాయి. గింజలను బాగా ఎండబెట్టి, చల్లారిన తరువాతనే డబ్బాలో పోయాలి. వేడిగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి పట్టి తేమ చేరుతుంది. ఎండిన వేపాకు, ఎండు మిరపకాయలు వేయడం, కందిపప్పుకు కొద్దిగా ఆముదము పట్టించడం వాడుకలో ఉన్న పద్ధతులు. పాత సరుకు పూర్తిగా వాడి, డబ్బా కడిగి ఆరబెట్టిన తరువాతనే క్రొత్త సరుకు నింపాలి. గోదాములలో పురుగులను చంపడానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను నివాస గృహాలలో ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. వాటి నుండి వెలువడే ఫాస్ఫీన్ వాయువు ప్రాణాంతకమైనది.

బూజు వలన ప్రమాదము

తేమ తగిలిన మొక్కజొన్న, వేరుశనగ, మిరప వంటి వాటిపై పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని ఉత్పత్తి చేస్తాయి. ఇది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. మామూలు వంట వేడికి ఇది పూర్తిగా నశించదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలలోని కొన్ని గ్రామాలలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నను తిన్నవారిలో 397 మంది వ్యాధికి గురికాగా 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీనిని పరిశోధించి కారణాన్ని వెల్లడించారు. 1995లో దక్కను పీఠభూమిలోని కొన్ని గ్రామాలలో వానకు తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవారికి కడుపునొప్పి, విరేచనాలు కలిగాయి. దానికి ఫ్యుమోనిసిన్ అనే మరొక బూజు విషము కారణమని తేలింది. కావున బూజు పట్టిన గింజలను కడిగి, ఎండబెట్టి తిరిగి వాడటం సరికాదు. వాటిని పారవేయాలి.

ఉప్పు, కారము, చింతపండు, నూనె

* ఉప్పు: గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాజు లేదా పింగాణి పాత్రలో మూత పెట్టి ఉంచాలి. తెరచి ఉంచితే అయొడిన్ కూడా తగ్గిపోతుంది.
* కారము, పసుపు: వెలుతురుకు రంగు, వాసన కోల్పోతాయి. మిరపకాయలను, పసుపు కొమ్ములను నిల్వ ఉంచి, అవసరమైనంత మేరకే పొడి కొట్టించుకోవడం మేలు.
* చింతపండు: గింజలు, ఈనెలు తీసి, ఉప్పు కలిపి జాడీలో అదిమి పెడతారు. ఇందులోని ఆమ్లము ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలతో చర్య జరుపుతుంది కనుక వాటిలో ఉంచరాదు.
* నూనె: వేడికి, వెలుతురుకు, గాలికి కనరు వాసన పడుతుంది. పొయ్యి ప్రక్కన ఉంచరాదు. ఒకసారి కాచిన నూనెను క్రొత్త నూనెలో కలపరాదు.

పచ్చళ్ళు

మామిడికాయ తొక్కు, ఆవకాయ వంటివి ఉప్పు, పులుపు, నూనెల వలన నిలువ ఉంటాయి. ముక్కలకు తడి లేకుండా తుడవాలి. నూనె పైకి తేలి పచ్చడిని పూర్తిగా కప్పి ఉండాలి. అప్పుడే గాలి తగలదు. తడి చెంచా ముంచరాదు. వాడకానికి కొంత చిన్న సీసాలోకి తీసుకొని, పెద్ద జాడీని తరచు తెరవకుండా ఉండటం ఉత్తమము.

కూరగాయలు, పండ్లు

ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలను గాలి ఆడే చోట వేరువేరుగా ఉంచాలి. ఆలుగడ్డలకు వెలుతురు తగిలితే ఆకుపచ్చగా మారి సోలనిన్ అనే విషపదార్థము పెరుగుతుంది. మాగిన పండ్ల నుండి వెలువడే ఇథిలీన్ వాయువు ఆకుకూరలను త్వరగా పండబారజేస్తుంది కనుక రెంటినీ కలిపి ఉంచరాదు. అరటిపండ్లను రిఫ్రిజిరేటరులో ఉంచితే తొక్క నల్లబడుతుంది.

వండిన ఆహారము

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదు. చల్లని నిల్వ 5 డిగ్రీల కంటె తక్కువగా, వేడి నిల్వ 60 డిగ్రీల కంటె ఎక్కువగా ఉండాలి. అన్నం వండినా బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బ్రతికే ఉంటాయి. గదిలో వదిలిన అన్నంలో ఇవి వృద్ధి చెంది విషాన్ని తయారు చేస్తాయి. తిరిగి వేడి చేసినా ఆ విషము పోదు. విద్యుత్తు పోయినపుడు రిఫ్రిజిరేటరు తలుపు తెరవకుండా ఉంచితే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. అంతకు మించి విద్యుత్తు రానిచో పాలు, మాంసము, చేపలు, వండిన కూరలను వాడరాదు. వాసన బాగున్నంత మాత్రాన ఆహారము సురక్షితమని భావించరాదు. అనేక హానికర సూక్ష్మజీవులు రుచిని, వాసనను మార్చవు.