చెరుపుటయు నొక శాసనమే

ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి గైకొనెను. ముట్టడి ఏడాదికి పైగా సాగినది. అట్టి ముట్టడిలో సేనానికి రెండు నేర్పులు కావలయును: వేళకు ఆజ్ఞ పంపుట యొకటి, వేళ మీరిన ఆజ్ఞను రద్దుచేయుట రెండవది. నిన్నటి ఆజ్ఞ నేడును అమలు జరిగినచో సేనకే చేటు. ఈ రెండవ నేర్పు కంటికి కానరాని ఏకకణ పరాన్నజీవులకును కలదు. ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు ఈ కోట కథ చక్కని ఉపమానము కాగలదు.

మలేరియా జీవి మన తెలుగునేలకు పాత శత్రువు. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డు రాస్ దానిని దోమ కడుపులో కనుగొని, 1902లో నోబెల్ బహుమానమందెను. అది ఎక్కడ దాగియున్నదో ఆయన చూపెను. అది తన్ను తాను ఎట్లు పాలించుకొనునో తెలియుటకు మరియొక శతాబ్ది పట్టినది.

జీవకణమునందు డి.ఎన్.ఏ. మూలశాసనము. దాని ప్రతిని మాంసకృత్తులు తయారగు చోటికి కొనిపోవునది వార్తాహర ఆర్.ఎన్.ఏ. ఆ ప్రతి నిలిచియున్నంత కాలము దాని నుండి మాంసకృత్తు పుట్టుచుండవచ్చును. కనుక ప్రతిని త్రుంచుట ఉత్పత్తిని ఆపు మార్గములలో ముఖ్యమైనది. ప్రతి చివర ఎడినైనుల తోక యుండును. సాధారణముగా ఎంజైములు ముందు ఆ తోకను కత్తిరించును. పిమ్మట తలనున్న టోపీ ఊడును. తక్కిన పోగు ముక్కలగును.

ప్రాణాంతకమైన ఫాల్సిపారం జాతి మలేరియా జీవి ఎర్ర రక్తకణములో సుమారు 48 గంటల చక్రమును నడపును. 2007లో వెలువడిన పరిశోధన ప్రకారము, తొలిదశలో దాని ప్రతుల సగటు అర్ధాయువు 9.5 నిమిషములు, కణమును పగులగొట్టుకొని రాబోవు దశలో 65 నిమిషములు. తోకను కత్తిరించు కాఫ్-1 అను మాంసకృత్తు యొక్క జన్యువును భంగపరచి చూడగా, వెలికి వచ్చుటకును, క్రొత్త కణమున దూరుటకును కావలసిన మాంసకృత్తులు వేళతప్పి పుట్టినవి. జీవి పెరుగుదల కుంటుపడినది. ఇది 2011 నాటి మాట.

నాశనమే కాదు, దాపరికమును వానికి తెలియును. ఎలుకల మలేరియా జీవిలో స్త్రీ బీజకణములు కొన్ని ప్రతులను డోజీ అను మాంసకృత్తు కాపుదలలో భద్రపరచి, దోమ కడుపు చేరిన పిమ్మట వినియోగించునని 2006లో తేలినది. రాస్ చూచిన దోమ కడుపు వెనుక ఇంత ముందుచూపు కలదు!

పశువులకు సర్రా వ్యాధిని దెచ్చు ట్రిపనోసోమా కుటుంబము మరింత విచిత్రము. అందు జన్యువులు బారులు తీరి ఒక్కపెట్టున ప్రతులగును. ఒక్కొక్క దానికి వేరు తాళము లేదు. ఏ ప్రతి నిలువవలెను, ఏది నశింపవలెను అను నిర్ణయము మీదనే పాలన చాలవరకు ఆధారపడియున్నది. ఆ కుటుంబములోని ఆఫ్రికా నిద్రావ్యాధి జీవికి టోపీ ఊడదీయు ఎంజైము మనదానికి భిన్నమైనదని 2017లో ప్రకటితమైనది.

పాత మందులకు లొంగని మలేరియా జీవులు తలయెత్తిన కాలమిది. శత్రువునకు ఉండి మనకు లేని సాధనమే ఔషధమునకు తగిన గురి. ఇది నేటికి ఆశయే గాని సిద్ధౌషధము కాదు. ఆ కొరతను తీర్చు బాధ్యత నేటి విద్యార్థులది. శాసనమును చదువుట నేర్చినవారు చెరిపివేతను గూడ చదువ నేర్వవలయును.