కుస్కో నగరం: రాతిగోడలూ, బంగాళాదుంపలూ

దక్షిణ అమెరికా అనగానే మన హాస్టల్ మిత్రులకు ఫుట్‌బాల్ గుర్తుకొస్తుంది. జాగ్రఫీ చదివినవారికి అమెజాన్ నది గుర్తుకొస్తుంది. నాకు మాత్రం కుస్కో నగరం గుర్తుకొస్తుంది. పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల నడుమ వున్న ఈ నగరం ఒకనాడు ‘ఇంకా’ సామ్రాజ్యానికి రాజధాని. (ఇది అక్కడి రాజుల పేరు. మనం రోజూ వాడే ‘ఇంకా’ కాదు సుమా!) ఆ వూరిని నేను కళ్ళారా చూసినవాణ్ణి కాను, పుస్తకాల్లో చదివినవాణ్ణి. అయినా రైతు కుటుంబంలో పుట్టి సైన్సు చదువుతున్న నాలాంటివాడికి ఆ నగరం నేర్పే పాఠం ఒకటి వుంది.

కుస్కో సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున వుంది. మన తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే అంటే ఇక వూహించుకోండి! అక్కడ గాలి పలుచన. కొత్తగా వెళ్ళినవారికి ఆయాసం, తలనొప్పి వస్తాయి. కోకా ఆకులు వేసి కాచిన టీ ఇస్తారు. వాతావరణ పీడనం తక్కువ కనుక నీళ్ళు సుమారు 89 డిగ్రీలకే మరుగుతాయి. మన ఫిజిక్సు పుస్తకంలోని సూత్రం అక్కడి వంటింట్లో రోజూ రుజువవుతూ వుంటుంది. గింజలు ఒక పట్టాన ఉడకవు.

నగరంలో మొదట చెప్పుకోవలసినవి గోడలు. ఆనాటి శిల్పులకు ఇనుప పనిముట్లు లేవు. రాతిని రాతితోనే కొట్టి, అరగదీసి, సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు పేర్చారు. హతున్ రుమియోక్ అనే వీధిలో 12 మూలలున్న రాయి ఒకటి వుంది. ఆ మూలలన్నీ చుట్టుపక్కల రాళ్ళలో చక్కగా కుదురుకున్నాయి. ఊరి పైన గుట్టమీద సాక్సాయ్‌వమాన్ కోట వుంది. అందులో నూరు టన్నులకు పైబడిన రాళ్ళున్నాయని అంచనా. బండి చక్రం లేదు, కాడెద్దులు లేవు. మనుషులే తాళ్ళు కట్టి లాక్కొచ్చారు.

1533లో పిజారో నాయకత్వాన స్పెయిన్ సైన్యం నగరంలో ప్రవేశించింది. కొరికాంచ అనే సూర్యాలయం గోడలకున్న బంగారు రేకులను స్పెయిన్ వాళ్ళు ఊడబెరికారు. తరువాత ఆ గోడలమీదే చర్చి కట్టారు. 1950 మే 21న భూకంపం వచ్చింది. పైనున్న చర్చి బాగా దెబ్బతిన్నది. కింద పాతగోడలు మాత్రం నిలిచాయి. ఆ గోడలు కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా, లోపలికి కాస్త వాలి వుంటాయి. నేల కదిలితే రాళ్ళు కొంచెం కదిలి మళ్ళీ సర్దుకుంటాయి. 1983లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఇక అక్కడి జనం సంగతి. స్పానిష్‌తోపాటు క్వెచువా భాష ఇప్పటికీ వినిపిస్తుంది. జూన్ 24న ‘ఇంతి రైమి’ అనే సూర్యుని పండుగ చేస్తారు. భూమధ్యరేఖకు దక్షిణాన వుండటంవల్ల మన ఎండాకాలం ముగిసే నెల వాళ్ళకు నడిచలికాలం. స్పెయిన్ పాలకులు మాన్పించిన ఈ పండుగను 1944లో మళ్ళీ మొదలుపెట్టారు. మొలకెత్తిన మొక్కజొన్నతో ‘చిచా’ అనే పులిసిన పానీయం చేస్తారు. తాగేముందు నాలుగు చుక్కలు నేలమీద వంపుతారు. అది భూమితల్లి పచమామా వంతు! పండుగరోజుల్లో ‘కుయ్’ అనే గినీపందిని కాల్చి వడ్డిస్తారు. కుస్కో కెథెడ్రల్‌లో ఏసుక్రీస్తు కడపటి విందు చిత్రం ఒకటి వుంది. అందులో బల్లమీద పళ్ళెంలో వున్నది కూడా కుయ్ మాంసమే! చిత్రకారుడు మార్కోస్ సపాటా స్థానికుడు మరి.

అన్నిటికంటె నన్ను ఆకర్షించింది బంగాళాదుంప. మనం హాస్టల్లో రోజూ విసుక్కుంటూ తినే ఈ కూర పుట్టిల్లు దక్షిణ పెరూ ప్రాంతమే. పెరూలో మూడు వేలకు పైబడి రకాలున్నాయి. నల్లనివి, ఎర్రనివి, ఊదారంగువి వున్నాయి. గుంటలూ బొడిపెలూ వుండి చెక్కు తీయడానికి లొంగని రకానికి క్వెచువాలో ‘కోడలిని ఏడిపించేది’ అని పేరు! పెళ్ళికూతురి నేర్పును దానితోనే పరీక్షిస్తారట. అత్తలు ఎక్కడైనా అత్తలే!

కొండమీది రైతులు జూన్, జూలై నెలల్లో దుంపలను రాత్రిళ్ళు ఆరుబయట పరుస్తారు. మంచుకు దుంపలోని నీరు గడ్డకట్టి కణాలు పగులుతాయి. మర్నాడు ఎండకు మెత్తబడ్డాక కాళ్ళతో తొక్కి నీరు పిండేస్తారు. కొన్ని రోజులు ఇలా చేస్తే ‘చునో’ తయారవుతుంది. అది ఏళ్ళ తరబడి చెడదు. మనం ‘ఫ్రీజ్ డ్రైయింగ్’ అని పెద్ద పేరు పెట్టుకున్న పద్ధతికి ఇది అన్నలాంటిది. దానికి యంత్రం లేదు, కరెంటు లేదు.

ఆ రైతు ఒకే చేలో చాలా రకాలు కలిపి నాటుతాడు. మంచుకు ఒకటి పోతే తెగులుకు తట్టుకున్న మరొకటి మిగులుతుంది. ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ఐర్లండ్ చూపించింది. అక్కడ పేదలంతా దాదాపు ఒకే రకం దుంపమీద బతికారు. 1845లో తెగులు వచ్చింది. ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు.

ఇది చదివినప్పుడు నాకు మా రాయలసీమ చేలు గుర్తుకొచ్చాయి. మా తాతగారి కాలంలో కొర్ర, సామ, జొన్న, కంది, అనుము అన్నీ వేసేవారు. ఇప్పుడు ఎటు చూసినా వేరుశెనగే. వాన ఒక్కసారి తప్పితే ఊరంతటికీ ఒకేసారి దెబ్బ. చిత్రమేమంటే ఆ వేరుశెనగ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చినదే! పంటను తెచ్చుకున్నాం గాని పలు రకాలు కలిపి వేసే అక్కడి తెలివిని తెచ్చుకోలేదు. మనకున్న తెలివినీ పోగొట్టుకుంటున్నాం.

కుస్కో దగ్గర పీసాక్ ప్రాంతపు గ్రామాలవారు ‘బంగాళాదుంప పార్కు’ ఏర్పరచుకున్నారు. లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంతో 2004లో ఒప్పందం చేసుకుని, తమ పొలాల్లో కనుమరుగైన రకాలను తిరిగి తెచ్చుకుని నాటుకున్నారు. శాస్త్రజ్ఞుడూ రైతూ ఒకే గట్టుమీద కూర్చుంటే జరిగే పని ఇది.

మిత్రులారా! కుస్కోకు వెళ్ళినవారు రాతిగోడల ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. ఆ రాళ్ళు మోసినవారి కడుపు నింపింది దుంపలూ మొక్కజొన్నలే. రాయి కదలకుండా నిలుస్తుంది. విత్తనం ఏటేటా నాటితేనే నిలుస్తుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అవ్వ ఉట్టిమీద దాచిన విత్తనాల మూట ఒకసారి దింపించండి. వాటి పేర్లు అడిగి నోటుబుక్కులో రాసుకోండి. మన కాలేజీలో బోటనీ చదివేవారికి అంతకంటె మంచి ప్రాక్టికల్సు వుండవు.